టాబ్లెట్‌లో వచ్చిన చావు కబురు

ఆ రోజు ఆపిల్ చెట్ల మొదళ్లకు సున్నం కొట్టాలని ఒరోజ్‌బై అనుకున్నాడు. అయితే పేపరు చదవకుండా ఏ పనీ మొదలుపెట్టే అలవాటు ఆయనకు లేదు. ఆయన ఉండే కరకోల్ పట్నంలో వచ్చే ఆ పేపరు అచ్చు వేయడం మానేసి నెలయింది. ఇక పాత పేపర్లతో సహా అంతా తెర మీదే అన్నారు. రాజధాని బిష్కెక్‌లో ఉన్న కొడుకు ఒక టాబ్లెట్ పంపించాడు. తండ్రి కళ్లకు ఆనాలని అక్షరాలు ఒక్కోటీ కోడిగుడ్డంత చేసి మరీ పంపాడు. ఒరోజ్‌బైకి అది నచ్చలేదు. దాన్ని భోజనాల దగ్గర పరవడానికి లేదు, ఈగల్ని కొట్టడానికి లేదు.

పేపరును ఆయన చివరి పేజీ నుంచి మొదలుపెడతాడు. సంతాపాలు వేసేది అక్కడే. తెలిసినవాళ్లింట్లో చావు జరిగితే వెళ్లి పలకరించకపోవడాన్ని ఆ ప్రాంతంలో ఎవరూ క్షమించరు. అందుకని వేలు నాలుకకు అద్దుకుని, అలవాటు ప్రకారం పేజీ తిప్పాడు. తడి వేలు జర్రున జారింది. తెర ఎక్కడికో పరుగెత్తి ఒకచోట ఆగింది. పైన "తీవ్ర సంతాపం" అనుంది. దాని కింద "సమూదిన్ ఎసెనోవ్" అనుంది. అంతటితో తెర అయిపోయింది. కాగితం అయిపోతే వార్త అయిపోయినట్టేనని ఆయన లెక్క.

"ఒసేయ్ కాలీపా! సమూదిన్ పోయాడే!"

భార్య కాలీపా టీ గిన్నె కింద పెట్టింది. "ఏ సమూదిన్? మాట్లాడ్డం మానేసినోడా?"

"ఆ, వాడే. మాట్లాడకుండానే పోయాడు."

ఇద్దరూ ఒకే డిపోలో లారీలు తోలినవాళ్లు. మంచు కనుమల్లో ఒకే రొట్టె విరుచుకుని తిన్నవాళ్లు. తొమ్మిదేళ్ల కిందట సమూదిన్ ఉన్నట్టుండి మాటలు మానేశాడు. ఎందుకో చెప్పలేదు. వాడే ముందు పలకాలని ఈయనా బిగుసుకు కూర్చున్నాడు. ఇప్పుడు ఎవరు ముందు పలికితే ఏం లాభం?

"పోనీ, వాళ్లింటికి ఒకసారి ఫోన్ చేసి కనుక్కోవయ్యా," అంది కాలీపా.

"చావు ఇంటికి ఫోన్ చేసి, నిజంగానే పోయాడా అని అడగమంటావా? సిగ్గులేదూ!"

పక్కింటి ఎల్చిబెక్ తన వ్యాను తీశాడు. వట్టి చేతులతో వెళ్లకూడదు గనక ఒక గొర్రెను ఎక్కించారు. పలకరింపులంటే ముందుండే ఇద్దరు పెద్దావిడలు తెల్ల తలగుడ్డలు కట్టుకుని గొర్రె పక్కన సర్దుకున్నారు. దారిలో పెట్రోలు బంకు దగ్గర పాత డిపో డ్రైవర్లు ఇద్దరు కనబడ్డారు. సంగతి వినగానే "అయ్యో, మొన్ననేగా బజార్లో చూశాం! గుండాగిందేమో!" అని తమ కారు తీసి వెనకే బయల్దేరారు. వాళ్లు ఫోన్‌లో ఇంకెవరికో చెప్పారు. సమూదిన్ ఉండే బలిక్చి చేరేసరికి వ్యాను వెనక కార్ల బారు తయారైంది.

సమూదిన్ వీధి మలుపులోనే మగవాళ్లు దిగిపోయారు. ఆనవాయితీ ప్రకారం నడుం వంచి, తల దించుకుని, "అయ్యో నా తోడబుట్టినోడా!" అని గట్టిగా ఏడుస్తూ గేటు వైపు పరుగెత్తారు. ఆడవాళ్లు రాగం అందుకున్నారు. ఇరుగుపొరుగు బయటికొచ్చారు. సమూదిన్‌ను వాళ్లు ఆ ఉదయమే చూశారు. అయినా ఇంతమంది ఏడుస్తుంటే కాదనడానికి వాళ్లెవరు? నలుగురు పరుగున వెళ్లి చావు ఇంటి ముందు వేసే గుడారం తెచ్చి, కర్రలు నిలబెట్టడం మొదలుపెట్టారు.

పెరట్లో పైపు బాగుచేసుకుంటున్న సమూదిన్‌కు ఏడుపులు వినబడ్డాయి. తన గేటు ముందుకు ఎవరైనా ఏడుస్తూ వస్తే ముందు కౌగిలించుకుని తనూ ఏడవాలి, ఆ తర్వాతే అడగాలి. ఆయన అదే చేశాడు. ఒరోజ్‌బై తల ఎత్తకుండా ఆ భుజం మీద పడి భోరుమన్నాడు. సమూదిన్ పెద్ద కొడుకై ఉంటాడు, పాపం బాగా ఏడుస్తున్నాడు అనుకున్నాడు.

"తొమ్మిదేళ్లకు వచ్చావురా, ఒరోజ్‌బై!" అంది ఆ భుజం తాలూకు గొంతు.

ఒరోజ్‌బై తల ఎత్తాడు. ఏడుపు సగంలో ఆగిపోయింది.

"మా అమ్మ పోయినప్పుడు లోకమంతా వచ్చింది, నువ్వు రాలేదు. పేపర్లో వేయించాం, అయినా రాలేదు. ఇక చచ్చినా నీ మొహం చూడకూడదనుకున్నాను. వచ్చావు, అది చాలు."

వెనక నుంచి ఎల్చిబెక్, వ్యానులో వెంట తెచ్చిన టాబ్లెట్ మీద వేలు పైకి జరిపి, ఒరోజ్‌బై చెవిలో గొణిగాడు. "బాబాయ్, ఇది తొమ్మిదేళ్ల కిందటి పేపరు. కింద ఇంకా ఉంది. పోయింది వీళ్లమ్మ. సంతాపం ఈయనకి."

ఒరోజ్‌బై భార్య వైపు చూశాడు. కాలీపా గొర్రె వైపు చూసింది. ఆ రోజుల్లో, ఆయన చదివినా చదవకపోయినా, పేపరుతో పొయ్యి రాజేసింది ఆవిడే.

నిజం చెబితే స్నేహితుడు మళ్లీ పోతాడు. ఈసారి పోతే పేపర్లో కూడా దొరకడు. "ఆలస్యమైందిరా. అమ్మ కోసమే వచ్చాను," అన్నాడు ఒరోజ్‌బై. అని మళ్లీ ఏడ్చాడు. సమూదిన్ బతికే ఉన్నందుకు ఈసారి సంతోషంతో ఏడ్చాడు.

బంకు డ్రైవర్లు కాలీపాను పట్టుకున్నారు. "వదినా, మరి పోయిందెవరు?"

"వాళ్లమ్మ."

"ఎప్పుడు?"

"ముందు భోంచెయ్యండి."

అప్పుడే బజారు నుంచి వచ్చిన సమూదిన్ కోడలు గుడారం చూసి, గుడ్ల సంచీ వదిలేసి "మావయ్యో!" అని కేక పెట్టింది. గొర్రె తాడు పట్టుకుని ఎదురొచ్చిన మావయ్యను చూసి ఇంకా పెద్ద కేక పెట్టింది. ఆవిడకు నీళ్లిచ్చి కూర్చోబెట్టారు. ముల్లాను పిలిచి ముసలమ్మ పేరిట ప్రార్థన చదివించారు. వేసిన గుడారం పీకడం బాగుండదని అందరూ అందులోనే కూర్చుని మాంసం తిన్నారు. డిపో రోజుల కబుర్లతో పొద్దు వాలింది.

వ్యాను కదలబోతుంటే సమూదిన్ కిటికీ దగ్గరికి వచ్చాడు.

"బంకు దగ్గర నేనే పోయానని చెప్పావటగా?"

సమూదిన్ ఒరోజ్‌బై చెయ్యి గట్టిగా నొక్కాడు.

"సరేలే. నువ్వు పోయినప్పుడు మాత్రం నేను ఇంత ఆలస్యమూ చెయ్యను, ఇంత తొందరా పడను."