దారివైపు ఆకులకి పచ్చరంగు

“అంటే ఆకులకి పచ్చరంగు వేస్తారా?” అని మూడోసారి అడిగింది తాబేలు పంతులు.

అలా కూర్చో, నువ్వేం ఆలస్యంగా రాలేదు. ఒక పెద్ద అడవిలో జరుగుతున్న పంచాయతీ మీటింగు ఇది. పది రోజుల్లో పెద్దపులి తనిఖీకి వస్తోంది. చెట్లేమో దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి. అందుకని సెక్రటరీ గుంటనక్క ఈ ఉపాయం చెప్పింది. ప్రెసిడెంటు ఎలుగుబంటి అప్పటికే తలూపేసింది. ముందు తలూపి తర్వాత వినడం దానికి అలవాటు.

చుక్కమ్మ అనే దుప్పికి మాత్రం గుండెల్లో రాయి పడింది. దాని పిల్ల బుడ్డోడు నాలుగడుగులేస్తే కూలబడతాడు. మన ఒళ్ళంతా కంటికి కనపడని గదులంట, కణాలంటారంట వాటిని. వాటిలో మైటోకాండ్రియాలని చిన్న పొయ్యిలుంటాయంట, తిన్న తిండిని సత్తువ చేసేవి అవేనంట. బుడ్డోడికి పుట్టుకతోనే ఆ పొయ్యిలు సరిగ్గా మండవని పంతులే చెప్పింది. అందుకే వాడు వాళ్ళుండే పొద పక్కనున్న నేరేడు చెట్టు దాటి మేతకి పోలేడు. ఆ చెట్టు సరిగ్గా తనిఖీ దారి మీదే ఉంది.

ఆకులోనూ అలాంటి గదులే ఉన్నాయని పంతులు విడమరిచింది. వాటిలో పచ్చటి రేణువులుంటాయి, చెట్టుకి వండిపెట్టేది అవే. వేళ్ళు నీళ్ళు తెస్తాయి, ఆకుకున్న సన్న రంధ్రాలు గాలి తెస్తాయి, ఎండ మంట పెడుతుంది. పైన రంగు పూస్తే ఎండా దిగదు, గాలీ ఆడదు. ఆకు చేసే ఈ వంటనే కిరణజన్య సంయోగక్రియ అంటారని చెప్పేసరికి ఎలుగు ఆవులించింది.

“లోపలి పచ్చ పులికి కనపడదు పంతులూ,” అంది నక్క. “పైపచ్చ కనపడుద్ది.”

అందరూ నవ్వారు. ఆ నేరేడు ఒక్కటీ వదిలెయ్యమని చుక్కమ్మ బతిమాలింది. ఒక్కటి వదిలితే పన్నూడిన నోరులా ఉంటదంది నక్క.

కోతులు రంగేశాయి. మూడ్రోజులు అడవి మెరిసిపోయింది. నాలుగోనాటి నించి ఆకులు రాలడం మొదలైంది. రాలినా పచ్చగానే ఉన్నాయని ఎలుగు మురిసిపోయింది. నక్క వాటిని దారి పొడుగునా తివాచీలా పరిపించింది. రంగాకులు తినలేక, వేరే మేత లేక దుప్పులమంద కొండవతలికి వెళ్ళిపోయింది, దాని వెనకే కుందేళ్ళూ పందులూ. బుడ్డోడు నడవలేడుగా, చుక్కమ్మ ఉండిపోయింది. రెండ్రోజులకి వాడు తలెత్తడం కూడా మానేశాడు.

ఒక్క ఆకన్నా దొరక్కపోద్దా అని నేరేడు చుట్టూ తిరుగుతూ చెట్టు వెనకవైపుకొచ్చిన చుక్కమ్మ ఆగిపోయింది. అక్కడ ఆకులకి రంగు లేదు. కోతులు రంగేసిన ఆఖరి చెట్టు అదే. అక్కడికొచ్చేసరికి రంగు అయిపోవచ్చింది. పులి చూసేది ముందేగా అని నక్క వెనకవైపు వదిలేయించింది. ఆ దుమ్ముకొమ్మలే చెట్టుని బతికిస్తున్నాయి. చుక్కమ్మ బుడ్డోణ్ణి మూతితో తోసుకుంటూ అక్కడికి చేర్చి, కొమ్మ వంచి పట్టుకుంది. వాడు పడుకునే మేశాడు.

తనిఖీ రోజు ఎలుగు ఒంట్లో బాలేదని రాలేదు. నక్క ఒక్కటే ఎదురెళ్ళింది. పెద్దపులి పచ్చ తివాచీ మీద పొద్దుటినించీ నడుస్తోంది, తినడానికి ఒక్క ప్రాణీ ఎదురు పడలేదు. నేరేడు దగ్గరకొచ్చి ముక్కెగరేసింది.

“ఆకలేస్తోంది. ఈ చెట్టు వెనకేముంది?” అంది.

లావుపాటి మాను వెనక చుక్కమ్మ ఊపిరి బిగబట్టింది. పరిగెత్తమంటే బుడ్డోడు పరిగెత్తలేడు. నక్కకేమో వెనక రంగు లేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. గబుక్కున పులికి అడ్డంగా వచ్చి నిలబడి, చేతులు కట్టుకుంది.

నక్క ఆఖరి మాటలు ఇవే. చుక్కమ్మ విన్నది విన్నట్టు ఈ రోజుకీ చెబుతుంది: “వెనక చూడ్డానికేం లేదు దొరా, చూడాల్సిందంతా మీ ముందే ఉంది.”