సగంలో ఆగిన జెండా

ఆ ఉదయం టోర్కిల్ అనుకున్నది చిన్న పని. దీవిలో రచయితల విడిది నడిపే బోడిల్ ఈతకు వెళ్ళి తిరిగొచ్చేలోగా, ఆవిడ పుట్టినరోజుకని పెరట్లో జెండా ఎగరేయాలి. ఆపైన మధ్యాహ్నం పడవెక్కి ఇంటికి వెళ్ళిపోవాలి. భార్య ఇంగెర్ పోయి రెండేళ్ళు. ఆమె గురించి రాద్దామని వచ్చి వారమైనా కాగితం మీద తేదీ తప్ప మరేమీ పడలేదు. ఇక రాయడం తన వల్ల కాదని తేల్చుకున్నాడు.

జెండా సగం దాకా ఎక్కింది. అక్కడ తాడు చిక్కుకుంది. పైకి పోదు, కిందికి రాదు. స్తంభం కొసన ఎగిరితే పండగ, సగంలో నిలిస్తే చావు. ఆ సంగతి దీవిలో పసిపిల్లలకూ తెలుసు.

రొట్టెల కొట్టు ఐనర్ సైకిల్ దిగి టోపీ తీశాడు. "పోయింది ఎవరయ్యా? బోడిల్ ఏది?"

విడిదిలో మధ్యాహ్నం పన్నెండు దాకా ఎవరూ మాట్లాడకూడదని బోడిల్ నియమం. ముప్పై ఏళ్ళు బడిపంతులుగా చేసిన టోర్కిల్ నియమం తప్పే మనిషి కాడు. పెదవుల మీద వేలుంచుకుని, సముద్రం వైపు చూపించాడు.

"మునిగిపోయిందా!"

టోర్కిల్ తల అడ్డంగా ఊపాడు. ఐనర్ అతన్ని కౌగిలించుకున్నాడు. "నాకూ నమ్మబుద్ధి కావడం లేదురా."

గంటలో పెరడంతా తెల్లపూలు, రొట్టెలు, మనుషులు. చర్చి గంట కొట్టే గుడ్రున్‌కి టోర్కిల్ చీటీ రాసిచ్చాడు: "ఆమె బతికే ఉంది." గుడ్రున్ కళ్ళు తుడుచుకుంది. "అవును నాయనా, మన గుండెల్లో."

"నోరు దురుసే గానీ మనసు వెన్న," అంటున్నాడు ఐనర్.

"ఎవరిది దురుసు?" తడి జుట్టుతో వెనక నిలబడి ఉంది బోడిల్.

అందరూ టోర్కిల్ వైపు తిరిగారు. అతను ఇంకా పన్నెండు కాలేదన్నట్టు గడియారం చూపించాడు.

"నియమం పెట్టిన మనిషి ఇప్పుడే లేచొచ్చింది. చెప్పు మహానుభావా," అంది బోడిల్.

తాడు సంగతి చెప్పాడు. అక్కడితో ఆగలేకపోయాడు. "ఇంగెర్ పోయిన రోజు మా ఇంట్లో జెండా ఎత్తనే లేదు. చేతులు రాలేదు."

ఐనర్ పక్కన చతికిలబడ్డాడు. "రొట్టెలు ఎలాగూ ఉన్నాయి. ఆమె ఎలాంటిదో చెప్పు."

చెప్పాడు. పేకాటలో ఇంగెర్ చేసే మోసాలు విని గుడ్రున్ పొట్ట పట్టుకుని నవ్వింది. పడవ కూత వేసి వెళ్ళిపోయింది, ఎవరూ పట్టించుకోలేదు. ఊరికి క్షమాపణ రాయమని బోడిల్ కాగితం చేతిలో పెట్టింది. సాయంత్రానికి నాలుగు పేజీలయ్యాయి. వాటిలో క్షమాపణ ఒక్క వాక్యం, మిగతాదంతా ఇంగెర్.

బోడిల్ తన చావు పూలను పుట్టినరోజు బల్ల మీద సర్దుకుని, ఆ వెన్న మాట ఇంకోసారి అనమని ఐనర్‌ని అడిగింది. అవి బతికున్నవాళ్ళకు చెప్పే మాటలు కావన్నాడు ఐనర్.