నలభై ఒకటో వరసలో తెల్లమచ్చ

గ్వాదిక్స్ పీఠభూమి మీది సౌరవిద్యుత్ కేంద్రంలో ఆ సోమవారం ఇంజనీరు ఎవులాలియా పెట్టుకున్న పని చిన్నదే. వంపు అద్దాల వరసల వెంట నడుస్తూ, వేడి నూనె పారే గొట్టాలను ఉష్ణ కెమెరాతో చూడటం. వేడి బయటికి పోయే చోట తెల్లమచ్చ కనబడుతుంది. సరిగ్గా రెండు గంటలకు నలభై ఒకటో వరస చివరి అతుకు దగ్గర ఇంత మచ్చ కనబడింది.

ఆ మచ్చకు కర్త మెకానిక్ ఫెర్మిన్. వేడి పోకుండా అతుకు చుట్టూ వేసిన తొడుగు విప్పి, తన శనగల కూర డబ్బా లోపల పెట్టి, తొడుగు మళ్లీ వదులుగా కప్పి వేడిచేసుకోవడం అతనికి ఆరేళ్ల అలవాటు. చల్లటి శనగలు అతని కడుపుకు పడవు.

"మేడమ్, ఆ అతుకు సంగతి... తప్పు నాదే," అన్నాడు టోపీ తీసి.

"నీదెందుకవుతుందయ్యా? తొడుగు పాతబడింది," అంది ఎవులాలియా, అతని మంచితనానికి కరిగిపోయి.

మంగళవారం కొత్త తొడుగు వేయించింది. రెండింటికి మళ్లీ మచ్చ. బుధవారం ఒకదాని మీద ఒకటి రెండు వేయించింది. పాపం, ఫెర్మిన్ రెండూ విప్పుకోవాల్సి వచ్చింది. గురువారం వరసంతా ఆపి అతుకునే మార్పించింది. చెమటలు కక్కుతూ మార్చినవాడు ఫెర్మినే. శుక్రవారం కొత్త అతుకు మీద కూర ఇంకా తొందరగా వేడెక్కింది.

"మేడమ్, అసలు సంగతి శనగలు..."

"ముందు తిని రా, తర్వాత మాట్లాడదాం."

రోజూ రెండింటికే వేడి పోవడం ఏ శాస్త్రానికీ అందని విషయమని ఆమె మాద్రిద్‌లోని ప్రధాన కార్యాలయానికి ఉత్తరం రాసింది. మేనేజరు బల్దొమేరో కంగారుపడ్డాడు.

"వేడన్నాక కాస్త పోతూనే ఉంటుందమ్మా. మాద్రిద్ దాకా ఎందుకు?"

ఈయన ఏదో దాస్తున్నాడని ఆమెకు గట్టి అనుమానం వచ్చింది.

మరుసటి సోమవారం మాద్రిద్ నుంచి నిపుణురాలు డాక్టర్ ఒర్తెన్సియా దిగింది. ఉద్యోగం ఊడుతుందన్న భయంతో ఫెర్మిన్ డబ్బాను ఇంట్లోనే వదిలేసి వచ్చాడు. రెండయింది. నలభై ఒకటో వరసలో మచ్చ లేదు. ఎవులాలియా ముఖం పాలిపోయింది. తన వల్ల ఆవిడ పరువు పోతోందని ఫెర్మిన్ నిజం చెప్పడానికి నోరు తెరిచాడు. ఇంతలో ఒర్తెన్సియా కెమెరాను, వారంగా ఎవరూ చూడని పక్క వరసకు తిప్పింది.

"అదేమిటి, అక్కడ అంత పెద్ద మచ్చ?"

తొడుగు విప్పారు. నీలం గిన్నెలో కౌజుపిట్టల కూర కుతకుతలాడుతోంది. మూత మీద "బల్దొమేరో" అని పొందికగా రాసి ఉంది. మేనేజరు ఆకాశం వంక చూస్తున్నాడు. ఒర్తెన్సియా మూత తీసి వాసన చూసింది.

"ఇంకో పది నిమిషాలు ఉండనివ్వండి," అంది.

వేడి బయటికి పోతున్న మాట నిజమేగానీ వృథాగా పోవడం లేదని నివేదికలో రాసి, నలుగురూ చేతులు కడుక్కుని సంతకాలు పెట్టారు.