కక్ష్యలో కలిసిన లోహం

భూమ్మీద కలవనివి ఆకాశంలో కలిశాయన్న శుభవార్త 1994 మార్చిలో భిలాయి చేరింది. కలిసినవి మనుషులు కావు, అల్యూమినియమూ సీసమూ. ఈ రెంటినీ కరిగించి పోస్తే ఇక్కడ సీసం బరువుకి అడుక్కి పోతుంది, అల్యూమినియం పైన తేలుతుంది. బరువన్నదే తెలియని చోట, భూమి చుట్టూ తిరిగే నౌకలో, రెండూ ఒద్దికగా కలిసి గడ్డకట్టాయి.

ఈ సంబంధం కుదిర్చినవాడు పరబ్రహ్మం. జాముల్ రోడ్డులో దండకారణ్య మిశ్రలోహాల కర్మాగారంలో సీనియర్ ఇంజనీరు. పదకొండేళ్ళు ఉత్తరాలు రాసి రాసి, ఒక రష్యన్ స్నేహితుడి చలవతో వాళ్ళ నౌకలో కాస్త చోటు సంపాదించాడు. ఎర్రగా కాలుతూ నేలకు దిగిన గుళికలోంచి ఉసిరికాయంత ముద్ద క్షేమంగా బయటపడి, మాస్కో, ఢిల్లీ మీదుగా భిలాయి పవర్ హౌస్ రైల్వే స్టేషన్లో దిగింది. అది పరీక్షలో నెగ్గితే పరిశోధన విభాగం పెట్టి ఆయన్నే ఉంచుతారు. నెగ్గకపోతే నెలాఖరుకి రిటైర్మెంటు.

మర్యాదల్లో ఆ కర్మాగారం ఎవరికీ తీసిపోదు. గేటు దగ్గర ముద్దను రెండు గంటలు ఆపారు. సరుకు తెచ్చిన బండి నంబరు లేనిదే లోపలికి వదలరు కదా! నౌక నంబరు చెబితే రిజిస్టరు గడిలో పట్టలేదు. చివరికి స్టేషన్నించి తెచ్చిన ఆటో నంబరు వేశారు. రికార్డుల ప్రకారం ఆ లోహం అంతరిక్షానికి వెళ్ళి వచ్చింది ఆటోలోనే.

తర్వాత సన్మానం. ముద్దకు కుంకుమ పెట్టి, గజమాల వేశారు. మాలలో ముద్ద కనబడక అరగంట వెతికారు. జనరల్ మేనేజర్ నరసింగరావు గారు మైకు అందుకుని, "అంతరిక్షం ఎక్కడో లేదు! జాముల్ దాటితే అంతరిక్షమే!" అని గర్జించారు. జాముల్ దాటి రోజూ వచ్చేవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. పరబ్రహ్మానికి శాలువా కప్పి ఫొటో కోసం గంట నిలబెట్టారు. ఆ గంటలోనే ముద్ద ప్రయోగశాలకు వెళ్ళింది.

శాలువాతోనే ఆయన పరుగెత్తాడు. ప్రయోగశాల బాధ్యుడు వెంకట్, పరబ్రహ్మం భార్య ఛాయకు స్వయానా తమ్ముడు, నవ్వుతూ ఎదురొచ్చాడు.

"అయిపోయింది బావా. కరిగించేశాను."

"కరిగించావా!"

"ఏటి బావా అలాగంటారు? కరిగించకపోతే టెస్టు ఎలాగవుద్ది? ఏ మెటలొచ్చినా ముందు కరిగించి కడ్డీ పొయ్యాల, రూలు. తుక్కు లారీలకీ అదే, దీనికీ అదే. కానీ బావా, లోపల అసలు కలవనే లేదు. సీసం కిందకెళిపోయింది. పైనోళ్ళు మిమ్మల్ని మోసం చేసినారు."

రిపోర్టు అప్పటికే టైపయింది: "రెండు లోహములు కలియలేదు. కారణము: అంతరిక్షము వారి అశ్రద్ధ."

పరబ్రహ్మం ఏడ్చాడు. పదకొండేళ్ళ పని కదా, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. సన్మానం నించి వెనకే వచ్చిన మహిళా సమాజం వారు ఆనందబాష్పాలనుకుని మళ్ళీ చప్పట్లు కొట్టారు.

విచారణ జరగాల్సిందేనని ఆయన పట్టుబట్టాడు. నరసింగరావు గారి అధ్యక్షతన అయిదుగురి కమిటీ మూడు రోజులు సమోసాల సాక్షిగా కూర్చుంది. రూలుది తప్పు కాదు, అది రూలు గనక. కొలిమిది తప్పు కాదు, అది బాగానే మండింది గనక. భూమ్యాకర్షణ తమ పరిధిలోకి రాదని నమోదు చేశారు. ఇక మిగిలింది వెంకట్. రెండుసార్లు కెమిస్ట్రీ తప్పినవాడిని ప్రయోగశాలలో ఎవరు పెట్టించారని పరబ్రహ్మమే బల్ల గుద్ది అడిగాడు.

పాత ఫైలు తెప్పించారు. అందులో ఒక సిఫారసు ఉత్తరం ఉంది. "ఈ కుర్రవాడు లోహశాస్త్రంలో దిట్ట. స్వయంగా ఎరుగుదును." కింద సంతకం, పరబ్రహ్మం.

"దస్తఖత్ మీదేనా?" అన్నారు నరసింగరావు గారు, చాలా మెల్లగా.

"నాదే," అన్నాడాయన. ఆ ఉత్తరం రాసిన పూట ఛాయ కాఫీ ఇస్తూ, "ఏవండీ, మా తమ్ముడి గురించి ఒక్క మాట రాయరూ" అనడం ఆయనకి ఇప్పుడు చక్కగా గుర్తొచ్చింది.

కమిటీలో ఎవరూ ఆయన్ని వేలెత్తి చూపలేదు. అయిదుగురూ ఫైలు గబగబా కట్టేసి అల్మారాలో పెట్టి తాళం వేశారు. ఎవరి బావమరిది ఏ విభాగంలో ఉన్నాడో ఎవరికి వారికి తెలుసు. మీకు మాత్రం తెలియదూ?