డబ్బా పొడీ, రెండు వేళ్ల ఎత్తూ

పిల్లలు అన్నం తినడమంత అనాగరికమైన పని ఇంకొకటి లేదు! డబ్బా పొడి ఉండగా అన్నమెందుకండీ? నమలాలి, మింగాలి, మూతి కడుక్కోవాలి. ఎంత శ్రమ!

మా మనవరాలు హర్షిణికి నాలుగేళ్లు. పళ్లెం చూస్తే చాలు, నోరు బిగిస్తుంది. మా కోడలు శివజ్యోతి పొద్దున ఒకటి, పదింటికి ఒకటి, పన్నెండింటికి ఒకటి, మూడు గ్లాసుల పాలలో చాక్లెట్ వాసన పొడి కలిపి తాగిస్తుంది. ఒంటిగంటకు అన్నం కలుపుకొని వచ్చి, "ఆకలే లేదంటాండాది మామా!" అని ఆశ్చర్యపోతుంది.

పొడి మహిమ తక్కువా? పెరట్లో కాకరతీగకు గ్లాసు కడిగిన నీళ్లు పోశాను. మర్నాటికి ఎదురింటి మిద్దెక్కి, ఈరక్క ఆరేసిన చీరలు మడత పెడుతోంది! మా పిల్లి డబ్బా మూత నాకి, వీధికుక్కను రాజంపేట దాకా తరిమింది. తిరుగు బస్సులో కిటికీ సీటు కోసం కండక్టరుతో గొడవపడిందట!

నమ్మరా? అయితే గోడను అడగండి. మా హాలు గోడమీద ఇంటిల్లిపాది ఎత్తులూ పెన్సిల్ గీతల్లో ఉన్నాయి. మూడు నెలలుగా పాప గీత కదల్లేదు. శివజ్యోతి ఆ గీత ముందు నిలబడి కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. ఆ వారమే పెద్ద డబ్బా కొన్నది. అప్పుడే హాల్లో పాత గచ్చు మీద కడప నల్లబండలు పరిపించాం. పని ఎనిమిది రోజులు సాగింది. తొమ్మిదో రోజు పాపను నిలబెడితే, గీతకు రెండు వేళ్లు పైన!

"సూడు మామా, యెంత పెరిగిండాదో!"

చూడవచ్చిన ఎదురింటి ఈరక్క ఆ క్షణమే డబ్బా కొనడానికి అంగడికి పరుగెత్తింది. నేనూ నా గీత దగ్గర నిలబడ్డాను. డెబ్బై నాలుగేళ్ల వయసులో నేనూ రెండు వేళ్లు పెరిగాను! ఉత్త వాసనకే! కొత్త బండల మందం కూడా సరిగ్గా రెండు వేళ్లే కావడం యాదృచ్ఛికం. సైన్సులో ఇలాంటివి మామూలే.

ఒక్క చిన్న సంగతి. కాకరతీగకు పోసింది కడిగిన నీళ్లు కాదు. ఆ ఎనిమిది రోజులూ పాలు తాగించే పని నాదే; మూడు గ్లాసులూ తీగకే పోశాను. నేనూ పాపా కలిసి చేసిన కుట్ర అది.

మొదటి రోజు మధ్యాహ్నానికే పాప బండలు పరిచే పుల్లన్న క్యారియర్ ముందు తేలింది. జొన్నరొట్టె, చెనిక్కాయల చట్నీ.

"యేంది పాపా, అట్ల సూస్తాండావు? కావాలంటే పళ్లెం తెచ్చుకోపో" అని ఆయన తన రొట్టె తాను తింటున్నాడు. బతిమాలలేదు, ఫోన్‌లో బొమ్మలు చూపలేదు. పాప పరుగున పోయి పళ్లెం తెచ్చుకుంది. రొట్టెన్నర తిని వేళ్లు నాకింది!

పని ముగిసింది, పుల్లన్న వెళ్లిపోయాడు. మూడు గ్లాసులకూ కోడలే కాపలా. పాప మళ్లీ నోరు బిగించింది. పెరిగింది పాప కాదమ్మా, నేల అని చెబుదామంటే, ఆ గీతను చూసి కోడలు నవ్వే నవ్వు అడ్డొచ్చింది.

నిన్నటి నుంచి హాలు మూలన ఒక బండ కదులుతోంది.

"కొత్త బండ అట్లెట్ల కదిల్యా మామా?"

"ఏమోమ్మా! పుల్లన్నను పిలిపించు. క్యారియర్ తెచ్చుకోమను. పని అయ్యేదాకా పాపకు పాలు వద్దు, సిమెంటు దుమ్ము పడుతుంది."

సరేనంది. నా మంచం కింద గడ్డపార ఎందుకుందో మాత్రం ఇంకా అడగలేదు.