పదకొండో పేజీ, రెండు మిస్డ్ కాల్స్

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. ఆ రోజు బందు కూడా తోడైంది. బస్సుల్లేవు, కరెంటు లేదు, రీచార్జి దుకాణాలన్నీ మూత. అయినా సరే, సాయంత్రం అయిదులోగా తోటి ఉద్యోగి కార్తీక్ రాసిన కోడు రివ్యూ చేసి తీరాలని దిల్‌సుఖ్‌నగర్‌లో అరుణశ్రీ పొద్దున్నే పంతం పట్టింది. ఈ రివ్యూతో ఆమె ఉద్యోగం పర్మనెంటో, ఇంటికో తేలిపోతుందని మేనేజరు త్రినాథరావు చెప్పేశారు మరి.

ఎవరు ఏ ఫైలు ఎప్పుడు మార్చారో గుర్తుపెట్టుకునే సాఫ్ట్‌వేర్ వాళ్ల కంపెనీది. ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రెండు కంప్యూటర్లు ఏ మాట తర్వాత ఏ మాట చెప్పుకోవాలో, ఆ పద్ధతిని ప్రోటోకాల్ అంటారు. కార్తీక్ దాన్నే మార్చాడు. రాసినవాళ్లూ చూసేవాళ్లూ పక్కపక్కన కూర్చుని లైను లైనూ చదవాలన్నది ఆఫీసు నియమం. కార్తీక్ ఉండేది ఎల్బీనగర్‌లో. అతని ఫోన్లో బాలెన్సు సున్నా, ఆమె ఫోన్లో అడుగున కాస్త.

"గిట్ల చేద్దాం," అంది అరుణశ్రీ ఫోన్లో. "ఒక్క మిస్డ్ కాల్ ఇస్తే నేను బయల్దేరిన అని. రెండిస్తే నువ్వే రావాలె అని."

"అదిరింది! మరి నాకు కాల్ అందిందని నీకెలా..."

బాలెన్సు కరిగిపోతుందని అరుణశ్రీ ఠక్కున కట్ చేసింది.

"బందు నాడు ఏడికే బిడ్డా?" అడిగింది తల్లి యాదమ్మ.

"ఎల్బీనగర్‌కు."

"నడ్సుకుంటనా?"

"నడ్సుకుంటనే!"

ముందురోజు ప్రింటు తీసిన కోడు కాగితాలు చంకన పెట్టుకుని, ఒక మిస్డ్ కాల్ ఇచ్చింది. అవతల మోగిన చప్పుడే వినిపించలేదు. పోలేదేమోనని ఇంకోసారి ఇచ్చి కదిలింది. కొత్తపేట దగ్గర నడిరోడ్డు మీద సమ్మెవాళ్ల వంటా వార్పు జోరుగా సాగుతోంది. "తినిపో చెల్లె!" అంటూ ఎవరో విస్తరి చేతిలో పెట్టబోయారు. "పనున్నదన్నా, జై తెలంగాణ!" అంటూ జనాన్ని తోసుకుని సాగింది.

చెమటలు కక్కుతూ వెళ్లి తలుపు కొడితే కార్తీక్ తల్లి నాగేశ్వరి నోరు తెరిచింది. "అయ్యో, వాడు మీ ఇంటికే బయల్దేరాడమ్మా! నువ్వు రమ్మన్నావటగా? లాప్‌టాప్ కూడా పట్టుకుని, సరూర్‌నగర్ సందుల్లోంచి వెళ్లిపోయాడు."

అరుణశ్రీకి ఒళ్లు మండింది. వెంటనే రెండు మిస్డ్ కాల్స్ ఇచ్చింది, తిరిగి రమ్మని. నాగేశ్వరి పెసరట్టు పెట్టింది. ఒంటిగంటయింది, మూడయింది, కార్తీక్ జాడ లేదు. ఈలోగా ఆమె కాగితాలన్నీ నాలుగుసార్లు చదివింది. పోచంపల్లి చీరలో ఒక్క పోగు పక్కకు జరిగినా పట్టేసే యాదమ్మ కూతురికి ఒక్క తప్పూ దొరకలేదు.

"వాడికి ఫోన్ చెయ్యకూడదా అమ్మా?" అంది నాగేశ్వరి నాలుగింటికి.

"బాలెన్సు లేదాంటీ."

"నా ఫోన్లో ఉందిగా! నువ్వడగలేదు, నేను చెప్పలేదు."

అరుణశ్రీ తల పట్టుకుని, ఆ ఫోన్ లాక్కున్నంత పని చేసింది. అవతల కార్తీక్ నిండు నోటితో పలికాడు. "ఎక్కడున్నావ్? మీ అమ్మగారు మూడో సర్వపిండి పెడుతున్నారు!"

"రమ్మని రెండు మిస్డ్ కాల్స్ ఇచ్చిన గద!"

"ఒకటే వచ్చింది. నువ్వే వస్తున్నావని కూర్చున్నా."

"మరి పొద్దుగాల ఎందుకు బయల్దేరినవ్?"

"పొద్దున రెండొచ్చాయిగా!"

ఇంకేదో అనబోయి అరుణశ్రీ ఆగిపోయింది. కాగితాలు గబగబా తిప్పి పదకొండో పేజీ తీసింది. కార్తీక్ కోడు చేసేదీ ఈ మిస్డ్ కాల్స్ పనే. అవతల అలికిడి లేకపోతే అదే మాట మళ్లీ పంపుతుంది. అవతలి కంప్యూటరు దాన్ని కొత్త మాటగా లెక్కేస్తుంది. మధ్యలో ఒకటి పోయిందా, రెండూ ఒకదానికోసం ఒకటి అలా కూర్చోవలసిందే. ఎర్ర పెన్నుతో ఆ లైన్ల చుట్టూ గట్టిగా గీత గీసింది.

అయిదుకు పది నిమిషాలుండగా అదే ఫోన్లోంచి త్రినాథరావుకు చేసింది.

"సార్, ఈ మార్పు నేను ఒప్పుకోను."

"రేపు కస్టమర్‌కి పంపాలమ్మా! పర్మనెంట్ అక్కర్లేదా నీకు?"

"కావాలె సార్. కానీ పంపితే వాళ్ల కంప్యూటర్లు గూడ మా లెక్కనే కూసుంటయి," అని పొద్దుటినుంచీ జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది.



"బతికించావమ్మా," అన్నారు త్రినాథరావు. "పంపేసుంటే పరువు పోయేది. ప్రతి మాటకీ ఓ నంబరుండాలి, అందిందని జవాబు రావాల్సిందే, కార్తీక్‌తో అలా మార్పించు. సోమవారం వచ్చి పర్మనెంట్ ఆర్డరు తీసుకో."

అరుణశ్రీకి కళ్లలో నీళ్లు తిరిగాయి. థాంక్స్ చెప్పబోతుంటే ఆయనే మళ్లీ అందుకున్నారు.

"అన్నట్టు, మార్చడం పూర్తవగానే నాకో మిస్డ్ కాల్ ఇవ్వు."