గుట్ట మీది అయ్యో

ఆ ఆదివారం పొద్దున లక్ష్మప్ప ఆదోనికి బయలుదేరింది పిస్తోలు కొనడానికి. ఎమ్మిగనూరు బడిలో డ్రిల్లు మేస్టరు ఆయన. బర్మా యుద్ధం నుంచి తిరిగొచ్చి పదేళ్లయినా గురిచూసి కొట్టాలనే సరదా తీరలేదు. ఇన్నాళ్లకు లైసెన్సు వచ్చింది. సెలవు రోజుల్లో ఊరి పక్క గుండ్లగుట్ట ఎక్కి ఖాళీ డబ్బాలను కొట్టాలన్నదే ఆయన కోరిక.

"కుందేలునైనా కొట్టుకొస్తే కూరైతాది. డబ్బాల మీద నీకేం పగయ్యా?" అంది భార్య తిమ్మమ్మ.

ఆదోనిలో దుకాణం సాయిబు మూడు పిస్తోళ్లు బల్ల మీద పెట్టాడు. మూడూ పెన్సిలంత సన్నని తూటాలవే. మొదటిది కొత్త విలాయతీది. ధర విన్నాక లక్ష్మప్ప దాన్ని ముట్టుకోలేదు. రెండోది చవకే గాని గొట్టం మరీ పొట్టి. "ఇది బెదిరించేదానికే, గురికి పనికిరాదు" అని పక్కకు జరిపాడు. మూడోది పొడుగు గొట్టం, ఒకసారికి ఒక్కటే తూటా. పిడి చేతిలో కుదురుగా కూర్చుంది. ధర రెండోదాని కంటే తక్కువ.

"ఇదెందుకింత చవక?"

సాయిబు మిగతా రెండూ పెట్టెలో సర్దాడు. "ఒక దొరది. ఆయన పోయినాడు. తర్వాత ముగ్గురు కొనుక్కపోయినారు. ముగ్గురూ తెచ్చి ఈడ పెట్టి పోయినారు."

"ఏమని?"

"ఏమీ సెప్పలేదన్నా. ఇచ్చిన దుడ్లు గూడా తిరిగి అడగలేదు."

అంత చవక వస్తువు ముందు భయం ఎంతసేపు నిలుస్తుంది? తూటాలతో సహా కొనేశాడు.

మిట్టమధ్యాహ్నం గుట్ట మీద ఒక్క పిట్ట లేదు. గాలి కూడా నిలిచిపోయింది. లక్ష్మప్ప డబ్బాను బండ మీద పెట్టి, ముప్పై అడుగుల దూరం నుంచి కాల్చాడు. 'టప్' మంది. డబ్బా కదల్లేదు. బండల వెనక ఎవరో "అయ్యో" అన్నారు.

దెబ్బ తగిలినవాడి అరుపులా లేదు. కావలసినవాళ్ల చావుకబురు విన్నప్పుడు అనే అయ్యో అది.

వెళ్లి చూశాడు. మనిషి లేడు, దుమ్ములో అడుగుజాడ లేదు. భ్రమేమోనని ఇంకో తూటా వేసి, ఈసారి ఎదురుగా ఉన్న మట్టిదిబ్బకు గురిపెట్టాడు. మీట నొక్కకముందే "అయ్యో" అంది గొంతు, సరిగ్గా చెవి పక్కన. ఉలిక్కిపడి నొక్కేశాడు.

డ్రిల్లు మేస్టరు పంచె ఎగగట్టి ఊళ్లోకి పరుగెత్తడం ఆ రోజే జనం చూశారు.

"కాల్సినాను. ఎవరో అరిసినారు. పోయి సూస్తే మనిషి లేడు" అన్నాడు భార్యతో, వగరుస్తూ. పక్కింటి వీరమ్మ గోడవతల నుంచి వింది. ఆ మాట వీధి చివరికి చేరేసరికి ఒక మనిషి చచ్చిపోయాడు. బజారుకు చేరేసరికి శవాన్ని మాయం చేసేశారు. మగ్గాలు ఆగిపోయాయి. కొందరు శవాన్ని వెతకడానికి గుట్ట ఎక్కారు. మిగిలినవాళ్లు ఊళ్లో ఎవరు తక్కువయ్యారో చూసుకున్నారు. కూలికి పోయిన బజారి అనేవాడి జాడ లేదు. అతని పెళ్లాం హుసేనమ్మ గుండెలు బాదుకుంది. పాడెలు కట్టే మల్లన్న అప్పుడే వెదురు బొంగులు తెచ్చాడు.

హెడ్డు కానిస్టేబులు గోవిందన్న పిస్తోలు లాక్కొని, లక్ష్మప్పను పట్టుకొని, జనమంతా వెంట రాగా గుట్ట కిందికి వచ్చేసరికి, పైనుంచి వెతికేవాళ్లు దిగుతున్నారు. అందరికంటే ముందు చెమటలు కక్కుతూ బజారి. కబురు విని చేని నుంచి నేరుగా గుట్ట ఎక్కాడట.

"యాడా దొరకలేదప్పా. పాపం, సచ్చింది ఎవరు?"

జనం వెనక్కి జరిగారు. హుసేనమ్మ కెవ్వుమంది.

"నువ్వే" అన్నాడు మల్లన్న, బొంగులు వదలకుండా.

బజారి ఒళ్లంతా తడుముకున్నాడు. "నాకెవరూ సెప్పలేదే!"

అందరూ ఒక్కసారి నవ్వారు. గోవిందన్న నవ్వుతూనే పిస్తోలు గొట్టంలోకి సన్నని ఇనుప పుల్ల దూర్చాడు. సగంలో ఆగిపోయింది.

"రెండు తూటాలూ ఈడనే ఇరుక్కోనుండాయి మేస్టరూ. మందు సెమ్మబారింది. నువ్వు గాలిని గూడా కొట్టలేదు!"

లక్ష్మప్ప కళ్లు తుడుచుకున్నాడు. తిమ్మమ్మ కనబడిన దిక్కుకల్లా దండం పెట్టింది. కాసేపటికి లక్ష్మప్పే మెల్లగా అడిగాడు. "మరి అరిసిందెవరన్నా?"

నవ్వు ఆగిపోయింది. వెతకబోయినవాళ్లంతా కిందనే ఉన్నారు. ఒకరినొకరు లెక్కపెట్టుకున్నారు. అప్పుడు పైనుంచి, నింపాదిగా, "అయ్యో" అని వినిపించింది.

బొంగులు అక్కడే పడిపోయాయి. ఊళ్లోకి అందరికంటే ముందు చేరింది గోవిందన్న.

స్టేషన్‌ తలుపు గడియ పెట్టుకొని ఆయన రిపోర్టు రాశాడు: "గాయపడినవారు లేరు. అరిచినవారిని విచారించవలసిన అవసరం కనబడలేదు."